నలభై మూడు చోట్ల కాస్ట్ వెయ్యాలా, రాపర్ రాయాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. రెండేళ్ళుగా చెన్నైలో, షోలింగనల్లూరు దగ్గర ఒక కంపెనీలో ఎంబెడెడ్ సి రాస్తున్నాను. కరెంటు మీటర్ల నుంచి రీడింగులు పోగుచేసే పెట్టెలు మా ప్రాడక్ట్. పోయిన నెల టూల్‌చైన్ మారి జీసీసీ అనే సి కంపైలర్ 14వ వెర్షన్ వచ్చింది. అప్పటిదాకా వార్నింగులతో బిల్డ్ అవుతున్న కోడ్ ఒక్కసారిగా 43 చోట్ల ఎర్రర్ ఇచ్చింది. అన్నీ ఒకటే రకం: కాల్‌బ్యాక్‌కు, అంటే తర్వాత పిలవడానికి మేము అప్పగించే ఫంక్షన్‌కు, కావలసిన ఫంక్షన్ పాయింటర్ టైపు ఒకటి, మేము ఇస్తున్న ఫంక్షన్ టైపు ఇంకొకటి. మా లీడ్‌గారు "అన్నిటికీ కాస్ట్ వేసెయ్, గంట పని" అన్నారు, అంటే ఈ టైపును ఆ టైపుగా చూడమని కంపైలర్‌కు చెప్పెయ్యమని. నాకు మనసొప్పక పదకొండు చోట్ల, కావలసిన టైపుతో ఉండి లోపల అసలు ఫంక్షన్‌ను పిలిచే చిన్న చిన్న రాపర్ ఫంక్షన్లు రాశాను. కోడ్ రివ్యూలో ఆయన "అనవసరపు ఫంక్షన్ కాల్స్, స్పీడు తగ్గుతుంది. ఇరవై ఏళ్ళుగా కాస్ట్‌తోనే నడుస్తోంది, ఏమైంది?" అని రాశారు. నాకు జవాబు తట్టలేదు. ఎవరిది రైటు? ఆయన్ని నొప్పించకుండా ఎలా చెప్పాలి? రిలీజ్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం:

అమ్మా, మీరు రాపర్లు రాయడమే రైటు. ఆ పదకొండూ తీసెయ్యకండి. మీ లీడ్‌గారి మాటలో కూడా కొంత నిజం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మీకు రివ్యూలో తట్టని జవాబు చూద్దాం.

కాస్ట్ అనే మాట ఒకటే అయినా సి లో అది చేసే పనులు రెండు రకాలు. ఒక ఇంట్‌ను డబుల్‌కు కాస్ట్ చేస్తే ప్రాసెసర్ నిజంగా ఒక పని చేస్తుంది, బిట్లు మారతాయి, 5 అన్నది 5.0 అవుతుంది. ఫంక్షన్ పాయింటర్‌ను కాస్ట్ చేస్తే ఏ పనీ జరగదు. మామూలు మెషీన్ల మీద ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా పుట్టదు. అదే అడ్రస్, అదే ఫంక్షన్, లోపల అదే కోడ్. మారేదల్లా ఆ ఫంక్షన్ గురించి కంపైలర్ నమ్మకం ఒక్కటే. "ఇది రెండు వాయిడ్ పాయింటర్లు (దేనికి పాయింటరో చెప్పనివి) తీసుకుని ఇంట్ ఇచ్చే ఫంక్షన్" అని మనం చెప్పాం, అది నమ్మింది. లోపలి ఫంక్షన్‌కు ఈ సంగతి తెలియదు. తను ఏ టైపులతో పుట్టిందో వాటికోసమే చూస్తుంది.

మనం మదరాసులో ఉన్నాం కాబట్టి దుబాసీల మాట చెప్పుకోవచ్చు. కుంపిణీ రోజుల్లో ఇక్కడి నేతపనివాడి మాట దొరకు అర్థం కావాలంటే మధ్యలో దుబాసీ ఉండాలి. ఆ పని చేసినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. దుబాసీ ఇటు మాట విని అటు భాషలో చెబుతాడు, అటు జవాబు విని ఇటు భాషలో చెబుతాడు. రాపర్ ఫంక్షన్ సరిగ్గా ఆ పనే చేస్తుంది. కాస్ట్ అంటే దుబాసీని పంపించేసి, నేతపనివాడి చొక్కాకు "ఇంగ్లీషు వచ్చు" అని చీటీ అంటించడం. దొర ఆ చీటీ చూసి ఇంగ్లీషులో మాట్లాడేస్తాడు.

సి స్టాండర్డ్ ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ఒక రకం ఫంక్షన్ పాయింటర్‌ను ఇంకో రకంలోకి కాస్ట్ చెయ్యవచ్చు, మళ్ళీ మొదటి రకంలోకి తెచ్చుకోవచ్చు, అప్పుడు మొదటి పాయింటరే చేతికి వస్తుంది. ఇంతవరకూ తప్పు లేదు. మార్చిన టైపుతో అలాగే ఫంక్షన్‌ను పిలిస్తే మాత్రం, ఆ రెండు టైపులూ కంపాటిబుల్ కాకపోతే, ఏం జరుగుతుందన్నదానికి స్టాండర్డ్ పూచీపడదు. మనవాళ్ళంతా అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అనేది దాన్నే. అంటే కాస్ట్ తప్పు కాదు, కాస్ట్ చేసిన పాయింటర్‌తో పిలవడం తప్పు. మీ 43 చోట్లా కాల్‌బ్యాక్ కాబట్టి పిలుపు ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరుతుంది.

"ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది, ఏమైంది?" అన్న ప్రశ్నకు నా అనుభవంలోది ఒకటి చెబుతాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. గిండీ పారిశ్రామిక వాడలో ఒక చిన్న కంపెనీలో పని చేసేవాణ్ణి. 32 బిట్ ఆర్మ్ బోర్డు మీద నాలుగేళ్ళు ఏ గొడవా లేకుండా నడిచిన కోడ్‌ను 64 బిట్ ఇంటెల్ పెట్టె మీదికి, లినక్స్‌లోకి మార్చాం. మార్చిన మర్నాడే ఎర్రర్ లాగ్‌లో 768 అనే కోడ్ కనిపించింది. మా ఎర్రర్ పట్టికలో ఉన్న కోడ్‌లన్నీ కలిపినా నలభై దాటవు. 768 అన్నది ఎక్కడా లేదు. మధ్యాహ్నానికి 512 వచ్చింది. సాయంత్రం 1280. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు కేబుళ్ళు మార్చారు, పవర్ సప్లై మార్చారు, మీటరే మార్చారు. ఎర్రర్లు పోలేదు. రెండు వారాలు గడిచాయి. కస్టమర్ ఫోన్ చేస్తే ఎత్తడానికి భయపడే స్థితికి వచ్చాం.

ఒక రాత్రి ఆ అంకెలన్నీ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. అన్నీ 256 గుణిజాలు. 256 గుణిజం అంటే చివరి ఎనిమిది బిట్లూ సున్నా. అంటే చివరి బైట్ ప్రతిసారీ సున్నాయే. మా ఫంక్షన్ తిరిగిచ్చేది ఆ చివరి బైట్‌నే. సున్నా అంటే మా లెక్కలో "ఎర్రర్ ఏమీ లేదు". రెండు వారాలుగా మీటర్లు "అంతా బాగుంది" అని చెబుతుంటే మేము దాన్ని ఎర్రర్‌గా చదువుతున్నాం.

జరిగింది ఇదీ. ఆ ఫంక్షన్ ఒక 32 బిట్ల స్టేటస్ విలువ తీసుకుని, దాన్ని అన్‌సైన్డ్ క్యార్‌గా, అంటే ఒక్క బైట్‌గా, తిరిగిచ్చేది. చివరి బైట్‌లో ఎర్రర్ కోడ్, పై బైట్లలో మీటరు ఏ దశలో ఉందన్న సమాచారం. కాల్‌బ్యాక్ పట్టికలో మాత్రం ఇంట్ తిరిగిచ్చే ఫంక్షన్ అని ఉంది. ఎవరో ఎప్పుడో మధ్యలో ఒక కాస్ట్ వేశారు. 32 బిట్ ఆర్మ్ పద్ధతిలో ఇలాంటి చిన్న విలువను తిరిగిచ్చేటప్పుడు, పై బిట్లను తుడిచి ఇవ్వాల్సిన బాధ్యత పిలుపందుకున్న ఫంక్షన్‌దే. కాబట్టి అక్కడ కాస్ట్ తప్పైనా జవాబు సరిగ్గా వచ్చేది. 64 బిట్ ఇంటెల్ మీద లినక్స్ పద్ధతిలో ఆ బాధ్యత లేదు. చివరి ఎనిమిది బిట్లే లెక్క, పైన ఏమున్నా పిలిచినవాడు వాటివైపు చూడకూడదు. కంపైలర్ ఆ వెసులుబాటు వాడుకుని, వచ్చిన విలువను అలాగే ప్రాసెసర్ లోపలి గడిలో, అంటే రిజిస్టర్‌లో, పెట్టి వెనక్కి పంపింది. పట్టిక "ఇంట్" అని నమ్మి 32 బిట్లూ చదివింది. మీటరు మూడో దశలో ఉంటే 3 సార్లు 256, 768. రెండో దశలో 512. ఐదో దశలో 1280.

సరిచెయ్యడానికి మూడు లైన్ల రాపర్ సరిపోయింది. రాపర్ లోపల అసలు ఫంక్షన్‌ను దాని అసలు టైపుతోనే పిలిచాం. అది అన్‌సైన్డ్ క్యార్ ఇస్తుందని కంపైలర్‌కు అక్కడ తెలుసు కాబట్టి, దాన్ని ఇంట్‌గా మార్చేటప్పుడు పై బిట్లను తనే సున్నా చేసింది. ఆ ఒక్క మార్పు కోసం రెండు వారాలు, కొన్ని కొత్త కేబుళ్ళు, కస్టమర్ దగ్గర ఉన్న కాస్త మంచిపేరు పోయాయి. అందుకే "నడుస్తోంది కదా" అన్న మాట విన్నప్పుడల్లా నాకు గుండె దడగా ఉంటుంది. ఆ కోడ్ ఆ బోర్డు మీద, ఆ కంపైలర్‌తో, ఆ ఆప్షన్లతో నడుస్తోంది. మీ దగ్గర ఈ మూడింటిలో ఒకటి ఇప్పటికే మారింది.

ఫంక్షన్‌కు పంపే విలువలు, అంటే ఆర్గ్యుమెంట్ల సంగతీ ఇంతే. 32 బిట్ ఆర్మ్ మీద మొదటి నాలుగు, 64 బిట్ ఇంటెల్ లినక్స్ మీద మొదటి ఆరు పూర్ణాంక, పాయింటర్ ఆర్గ్యుమెంట్లు రిజిస్టర్లలో వెళ్తాయి. అందుకని రెండు ఆర్గ్యుమెంట్లతో పిలిచే చోట ఒకటే తీసుకునే ఫంక్షన్ ఇచ్చినా, రెండోది ఏదో రిజిస్టర్‌లో పడి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మెమరీ విడిపించే ఒక ఆర్గ్యుమెంట్ ఫంక్షన్‌ను లిస్టు మొత్తం తిరిగే రెండు ఆర్గ్యుమెంట్ల కాల్‌బ్యాక్‌గా కాస్ట్ చేసి ఇవ్వడం సి ప్రోగ్రామర్లలో ఎంత పాత అలవాటో మీరు చూసే ఉంటారు. అదే కోడ్‌ను 32 బిట్ విండోస్‌లో స్టడ్‌కాల్ పద్ధతిలో రాస్తే అక్కడ ఆర్గ్యుమెంట్లు స్టాక్ మీద వెళ్తాయి, వాటిని తీసెయ్యాల్సింది పిలుపందుకున్న ఫంక్షన్. లెక్క తేడా వస్తే స్టాక్ చెదురుతుంది, ప్రోగ్రామ్ సంబంధం లేని ఇంకెక్కడో కూలుతుంది. ఇక డబుల్ తీసుకునే ఫంక్షన్‌ను ఇంట్ ఇచ్చే పిలుపుతో కలిపితే చాలా మెషీన్లలో రెండూ వేర్వేరు రిజిస్టర్లు. ఫంక్షన్ వెతికే చోట విలువే ఉండదు.

కాస్ట్ వల్ల ఇంకో నష్టం ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. పేర్ల పట్టికను సి లైబ్రరీలోని క్యూసార్ట్ అనే ఫంక్షన్‌తో వరసపెట్టాలనుకోండి. పట్టికలో ఉన్నవి క్యార్ పాయింటర్లు. స్టర్‌కంప్ అనే లైబ్రరీ ఫంక్షన్ ఎలాగూ రెండు పేర్లను పోల్చుతుంది కదా, దాన్నే కాస్ట్ వేసి ఇచ్చేద్దాం అనిపిస్తుంది. కంపైలర్ ఒప్పుకుంటుంది, ప్రోగ్రామ్ కూలదు, పట్టిక మాత్రం వరసలో రాదు. ఎందుకంటే క్యూసార్ట్ పేరును ఇవ్వదు, పట్టికలో ఆ పేరున్న గడి అడ్రస్ ఇస్తుంది. అంటే పేరుకు పాయింటర్ కాదు, పాయింటర్‌కు పాయింటర్. స్టర్‌కంప్ ఆ గడిలో ఉన్న అడ్రస్ బైట్లనే అక్షరాలనుకుని పోల్చేసింది. కావలి, గూడూరు, నాయుడుపేట అన్న పేర్ల జోలికే పోలేదు. ఇక్కడ రాపర్ రాయడానికి కూర్చుంటే మొదటి లైన్‌లోనే "నాకు వచ్చిన ఈ వాయిడ్ పాయింటర్ నిజానికి దేనికి పాయింటర్?" అని మీరు ఆలోచించక తప్పదు. అక్కడే తప్పు బయటపడేది. కాస్ట్ వేస్తే ఆ ప్రశ్నే రాదు.

కాస్ట్ వేసిన చోట కంపైలర్ నోరు మూతపడేది ఆ ఒక్క రోజుకే కాదు, ఎప్పటికీ. రెండేళ్ళ తర్వాత మీ టీమ్‌లోకి వచ్చిన కొత్త కుర్రాడు అసలు ఫంక్షన్‌కు ఇంకో ఆర్గ్యుమెంట్ కలిపాడనుకోండి. రాపర్ ఉంటే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది, ఆ కుర్రాడు ఐదు నిమిషాల్లో సరిచేసుకుంటాడు. కాస్ట్ ఉంటే బిల్డ్ సాఫీగా పోతుంది, కొత్త ఆర్గ్యుమెంట్‌లో ఏదో చెత్త విలువతో పెట్టె ఏ ఊళ్ళోనో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కూర్చుంటుంది.

ఇప్పుడు స్పీడు సంగతి. ఇది మాటలతో తేలే వాదన కాదు, చూపించండి. మీరు రాసిన రాపర్లలో పాయింటర్ టైపు మాత్రమే తేడా ఉన్నదాన్ని ఒకటి తీసుకుని, రిలీజ్ ఆప్షన్లతో బిల్డ్ చేసి ఆబ్జ్‌డంప్ అనే పనిముట్టుతో మెషీన్ కోడ్ విప్పి చూడండి. దాదాపు ఎప్పుడూ అందులో ఒకే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఉంటుంది: అసలు ఫంక్షన్ దగ్గరికి ఒక జంప్. స్టాక్ ఫ్రేమ్ కూడా ఉండదు. అసలు ఫంక్షన్ అదే ఫైల్‌లో స్టాటిక్‌గా ఉండి, దాన్ని ఈ రాపర్ ఒక్కటే పిలుస్తుంటే ఆ జంప్ కూడా ఉండదు, ఫంక్షన్ మొత్తాన్ని కంపైలర్ రాపర్‌లోకే ఇమిడ్చేస్తుంది. రిటర్న్ టైపు మారే రాపర్‌లో ఒకటో రెండో ఇన్‌స్ట్రక్షన్లు ఎక్కువ ఉండవచ్చు. అవి వృథా కావు, మమ్మల్ని రెండు వారాలు ఏడిపించింది మా కోడ్‌లో అవి లేకపోవడమే. మీ పెట్టె మీటర్ దగ్గరి నుంచి సీరియల్ లైన్ మీద ఒక్క బైట్ అందుకునేలోపు ప్రాసెసర్ ఇలాంటి జంపులు వేలకొద్దీ వెయ్యగలదు. ఇంటరప్ట్ లోపల, మైక్రోసెకన్లు లెక్కపెట్టుకునే చోట ఏదైనా ఉంటే, దాన్ని విడిగా కొలిచి మాట్లాడుకోండి.

మీరు అడగకపోయినా ఇంకో దారి చెప్పాలి, చాలాసార్లు అదే మంచిది. ఒక ఫంక్షన్ కాల్‌బ్యాక్‌గా తప్ప ఇంకెక్కడా వాడకపోతే దానికి రాపర్ ఎందుకు? ఆ ఫంక్షన్ డిక్లరేషన్‌నే కాల్‌బ్యాక్ అడిగిన టైపుకు మార్చెయ్యండి. వాయిడ్ పాయింటర్ తీసుకోనివ్వండి, లోపల మొదటి లైన్‌లో దాన్ని మీటర్ స్ట్రక్ట్ పాయింటర్‌లో పెట్టుకోండి. సి లో దానికి కాస్ట్ రాయక్కర్లేదు. అక్కర్లేని ఆర్గ్యుమెంట్ ఉంటే దాన్ని పేరుకు తీసుకుని వదిలెయ్యండి. నేరుగా పిలిచేవాళ్ళు కూడా ఉన్న ఫంక్షన్‌ను మాత్రం ఇలా మార్చకండి. వాళ్ళకు ఇప్పుడున్న టైప్ చెకింగ్ పోతుంది. అలాంటివాటికే రాపర్. మీ 43లో మూడో వంతైనా ఇలా డిక్లరేషన్ మారిస్తే సరిపోయేవి ఉంటాయని నా అంచనా.

కాస్ట్ న్యాయంగా అవసరమయ్యే చోట్లూ ఉన్నాయి. రకరకాల ఫంక్షన్లను ఒకే పట్టికలో దాచాలంటే ఏదో ఒక టైపు ఎంచుకోక తప్పదు. అప్పుడు ఏ ఆర్గ్యుమెంట్లూ లేని, ఏమీ తిరిగివ్వని వాయిడ్ ఫంక్షన్ పాయింటర్‌గా దాచి, పిలిచే ముందు దాని అసలు టైపుకు మళ్ళీ కాస్ట్ చెయ్యండి. జీసీసీ కూడా ఈ ఒక్క టైపును ప్రత్యేకంగా చూసి వార్నింగ్ ఇవ్వదు. డీఎల్‌సిమ్‌తో లైబ్రరీలోంచి ఫంక్షన్ తెచ్చుకునేటప్పుడు కూడా కాస్ట్ తప్పదు, అది అసలు టైపుకే కాబట్టి భయం లేదు.

మీ లీడ్‌గారికి ఈ అలవాటు ఎక్కడిదో తెలిస్తే ఆయనతో మాట్లాడటం తేలికవుతుంది. 1989లో సి కి మొదటి స్టాండర్డ్ రాకముందు ఫంక్షన్ పాయింటర్ టైపులో ఆర్గ్యుమెంట్ల ఊసే ఉండేది కాదు. ఏ ఫంక్షన్ ఇచ్చినా, రిటర్న్ టైపు కలిస్తే చాలు. మనందరం సి నేర్చుకున్న కెర్నిగన్, రిచీల పుస్తకం 1988 నాటి రెండో ముద్రణలో కూడా లైన్లను వరసపెట్టే ఉదాహరణలో పోల్చే ఫంక్షన్‌ను కాస్ట్ వేసే పంపిస్తారు. అది చదివి పెరిగిన తరానికి ఇది తప్పుగా కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన బద్ధకంతో అన్న మాట కాదది.

కానీ అప్పటినుంచి కింద ఉన్న నేల మారింది. లినక్స్ కెర్నెల్‌లో టైమర్ కాల్‌బ్యాక్ ఒకప్పుడు అన్‌సైన్డ్ లాంగ్ తీసుకునేది, అందరూ అందులో పాయింటర్‌ను కుక్కి కాస్ట్ వేసుకునేవారు. 2017లో ఆ పద్ధతినే మార్చి, టైమర్ పాయింటర్‌నే కాల్‌బ్యాక్‌కు ఇచ్చేలా చేసి, డ్రైవర్లన్నిటినీ దానికి తగ్గట్టు తిరగరాశారు. దానికి ఒక పెద్ద కారణం భద్రత. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌తో కట్టిన కెర్నెల్‌లో ఒక ఏర్పాటు ఉంది: ఫంక్షన్ పాయింటర్ ద్వారా పిలిచే ప్రతిసారీ, పిలుస్తున్న టైపు, అసలు ఫంక్షన్ టైపు ఒకటేనా అని నడుస్తుండగానే సరిచూస్తుంది. కలవకపోతే దాడి జరిగిందనుకుని ఆపేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2018 నుంచే ఇది వాడుకలోకి వచ్చింది. వెబ్ అసెంబ్లీలోనైతే ఈ తనిఖీ భాషలోనే ఉంది, టైపు తేడా ఉంటే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగుతుంది. మీ టూల్‌చైన్ సంగతే తీసుకోండి. జీసీసీ 14 వార్నింగ్‌ను ఎర్రర్ చేసింది. 2025లో వచ్చిన జీసీసీ 15, ఏమీ చెప్పకపోతే సి 23 పద్ధతిలో కంపైల్ చేస్తుంది. అందులో ఖాళీ బ్రాకెట్లతో రాసిన ఫంక్షన్ పాయింటర్ అంటే "ఆర్గ్యుమెంట్లేమీ లేవు" అనే అర్థం. పాత కోడ్‌లో ఖాళీ బ్రాకెట్లు పెట్టి ఏదైనా పంపించుకున్న చోట్లన్నీ అప్పుడు బయటపడతాయి. ఇప్పుడు చేతిలో ఉన్నప్పుడే అవి కూడా వెతికి సరైన టైపు రాసెయ్యండి.

ఇక పని ఎలా చెయ్యాలో చెబుతాను. రిలీజ్ దగ్గర్లో ఉందన్నారు కాబట్టి 43నీ ఒకే తూకంలో చూడకండి. ముందు మీ లీడ్‌గారు చెప్పినట్టే చెయ్యండి, కానీ వేరే బ్రాంచ్‌లో. మిగిలిన 32 చోట్ల కాస్ట్ వేసి, మీ పదకొండు రాపర్ల చోట కూడా తాత్కాలికంగా కాస్ట్ పెట్టి, డబ్ల్యూ ఎక్స్‌ట్రా ఆప్షన్‌తో బిల్డ్ చెయ్యండి. జీసీసీ 8 నుంచి ఆ ఆప్షన్‌లో కాస్ట్ ఫంక్షన్ టైప్ అనే వార్నింగ్ కలిసే వస్తుంది. దాని గుణం ఏమిటంటే, తేడా ఒక పాయింటర్‌కు ఇంకో పాయింటర్‌కు మధ్యే అయితే ఊరుకుంటుంది. ఆర్గ్యుమెంట్ల లెక్క తప్పినా, ఇంట్‌కు క్యార్‌కు తేడా వచ్చినా, డబుల్ దగ్గర ఇంట్ ఉన్నా అరుస్తుంది. అంటే పిలుపు పద్ధతే చెడిపోయే ప్రమాదమున్నవి ఏవో అదే ఏరి పెడుతుంది. క్యూసార్ట్ దగ్గర చెప్పుకున్న తప్పు మాత్రం పాయింటర్ల తేడాయే, దాన్ని ఇది పట్టుకోదు. 43లో అది పట్టుకున్నవి ఎన్నో లెక్కపెట్టండి. వాటితోపాటు, ఎప్పుడో కాస్ట్ వేసి ఉంచినందువల్ల జీసీసీ 14కు అసలు కనిపించకుండా పోయిన పాతవి కూడా ఇందులో బయటపడతాయి. నన్నడిగితే మీ 43 కన్నా అవే ముఖ్యం. గిండీలో మమ్మల్ని ఏడిపించినది అలాంటిదే.

ఆ వార్నింగ్ వచ్చిన ప్రతి చోటా ఈ రిలీజ్‌కే రాపర్ రాయాలి, లేదా డిక్లరేషన్ మార్చాలి. ఇందులో రాజీ వద్దు. పాయింటర్ తేడా మాత్రమే ఉన్నవి, క్యూసార్ట్ ఉదాహరణలోలాగా వేరేదానికి పాయింటర్ అనుకున్న తప్పు లేకపోతే, ఆర్మ్, ఇంటెల్ మెషీన్ల మీద ఇవాళ మామూలుగా నడుస్తాయి. స్టాండర్డ్ లెక్కలో అవీ తప్పే, కానీ ఈ రిలీజ్‌లోనే కొంప మునిగేవి కావు. టైము లేకపోతే వాటిని రిలీజ్ తర్వాత వారానికి వాయిదా వేసుకోవచ్చు. వాయిదా వేసినవాటికి టికెట్ పెట్టండి, లేకపోతే అవి అలాగే ఉండిపోతాయి. ఆ తర్వాత ఆ వార్నింగ్‌ను బిల్డ్‌లో ఎర్రర్‌గా మార్చెయ్యమని అడగండి. పీసీ మీద టెస్టులు నడిపే అలవాటుంటే క్లాంగ్‌లో ఫంక్షన్ శానిటైజర్ ఉంది, తప్పు టైపుతో పిలిచిన క్షణంలోనే ఫైలు, లైను చెబుతుంది.

లీడ్‌గారికి రివ్యూ కామెంట్లలో జవాబు రాయకండి. రాతలో ఎంత మెత్తగా రాసినా పదిమంది ముందు కాదన్నట్టే ఉంటుంది. పొద్దున్నే ఆయన సీటు దగ్గరికి వెళ్ళండి. రెండు కాగితాలు చేతిలో ఉండాలి: ఒకదాంట్లో మీ రాపర్ ఆబ్జ్‌డంప్, ఆ ఒక్క జంప్ కింద గీత గీసి. ఇంకోదాంట్లో వార్నింగుల జాబితా. "సార్, మీరు చెప్పినట్టు అన్నిటికీ కాస్ట్ వేసి చూశాను. ఇన్ని చోట్ల కంపైలర్ టైపు కలవడం లేదంటోంది. ఇవి ఎక్కడెక్కడ వాడతామో మీకే బాగా తెలుసు, ఒకసారి చూస్తారా?" అనండి. ఇది నటన కాదు. ఏ కాల్‌బ్యాక్ ఎప్పుడు ఎవరు పిలుస్తారో, ఏది వెండర్ లైబ్రరీలోంచి వస్తుందో ఇరవై ఏళ్ళు ఆ కోడ్‌తో ఉన్న ఆయనకే తెలుస్తుంది, మీకు ఆ సాయం నిజంగా కావాలి. రిలీజ్ తేదీ గురించి ఆయన పడుతున్న ఆదుర్దా కూడా న్యాయమైనదే, పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. అందుకే ఏవి ఇప్పుడు, ఏవి తర్వాత అన్న విభజన మీరే ముందు పెట్టండి.

చివరగా మీ పదకొండు రాపర్లనూ ఒకసారి మళ్ళీ తెరిచి ఒక్క విషయం చూసుకోండి. వాయిడ్ పాయింటర్ ద్వారా లోపలికి ఏదైనా సమాచారం పంపుతుంటే, ఆ పాయింటర్ ఎక్కడిది? కాల్‌బ్యాక్‌ను రిజిస్టర్ చేసిన ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్‌దైతే, టైమర్ మోగేసరికి ఆ ఫంక్షన్ ముగిసిపోయి ఉంటుంది, రాపర్ చచ్చిన స్టాక్‌లోంచి చదువుతుంది. ఈ తప్పును టైప్ చెకింగ్ పట్టుకోలేదు. రాపర్లు కొత్తగా రాసేటప్పుడు నేనూ రెండుసార్లు చేశాను. అలాంటిది ఉంటే ఆ వేరియబుల్‌ను స్టాటిక్ చెయ్యండి, లేదా మీటర్ స్ట్రక్ట్‌లోనే ఒక ఫీల్డ్‌గా పెట్టుకోండి.